డెక్కల దారి – 9: నూరు మైళ్లు, అరవై నాలుగు చప్పుళ్లు

కిందటి భాగాన్ని 1861 అక్టోబరు దగ్గర ఆపాం. ఆ నెల 24న అమెరికా తూర్పు పడమరలను కలుపుతూ తంతి తీగ పూర్తయింది. రెండు రోజులకే పోనీ ఎక్స్‌ప్రెస్ కంపెనీ తన గుర్రాల టపాకు స్వస్తి పలికింది. సెయింట్ జోసెఫ్ నుంచి శాక్రమెంటో దాకా 1,900 మైళ్లు, పది రోజుల్లో ఉత్తరం చేర్చిన ఏర్పాటు ఏడాదిన్నర దాటగానే మూతపడింది. యంత్రం గెలిచింది, గుర్రం ఓడింది అని పాఠ్యపుస్తకాలు ఇక్కడ పేజీ తిప్పేస్తాయి.

అంత తొందరెందుకు? తంతి ఓడించింది టపాను. ఒక రౌతు, ఒకే గుర్రం, మధ్యలో మార్పు లేకుండా ఎంత దూరం, ఎంత వేగంగా పోగలరు అన్న ప్రశ్నను పోనీ ఎక్స్‌ప్రెస్ ఏనాడూ వేసుకోలేదు. పది పదిహేను మైళ్లకో మజిలీ. అక్కడ రొప్పుతున్న గుర్రాన్ని వదిలేసి కుర్రాడు తాజా గుర్రమెక్కేవాడు. గుర్రం అలసట అతనికి సంబంధించని విషయం.

ఆ ప్రశ్న వేసినవి సైన్యాలు. పంతొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి దళాలను రైళ్లు మోస్తున్నాయి, ఆజ్ఞలను తంతి మోస్తోంది, తుపాకీ గుండు కనుచూపు మేర దాటి తగులుతోంది. ఇక ఇంత గడ్డీ దాణా పోసి అశ్వికదళాన్ని మేపడం దేనికన్న గొణుగుడు మొదలైంది. దానికి జవాబుగా అధికారులు దూరపు సవారీలు తలపెట్టారు.

అలాంటి సవారీల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏ పోటీలోనూ భాగం కాదు. 1889 నవంబరులో అమూర్ నది ఒడ్డునున్న బ్లగవేషెన్‌స్క్ నుంచి ద్మిత్రీ పెష్కోవ్ అనే కొసాక్ అధికారి ఒంటరిగా బయల్దేరాడు. కింద సేరీ అనే పొట్టి బూడిదరంగు గుర్రం, ముందు సైబీరియా చలికాలం. 1890 మే నెలలో సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాడు. 193 రోజులు, సుమారు 8,800 కిలోమీటర్లు, అంతా అదే గుర్రం మీద. రోజుకు సగటున 45 కిలోమీటర్లే. అంతే చాలనుకోవడంలోనే అతని పనితనం ఉంది. రాజధానికి చేరేసరికి రౌతూ గుర్రమూ ఇద్దరూ సలక్షణంగా ఉన్నారు.

మూడేళ్లు తిరక్కుండా ఇంకో సవారీ జరిగింది. దాన్ని తలుచుకుంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

1892 అక్టోబరులో జర్మన్ అధికారులు బెర్లిన్ నుంచి వియన్నాకు, ఆస్ట్రియా–హంగరీ అధికారులు వియన్నా నుంచి బెర్లిన్‌కు పందెం వేసుకున్నారు. దూరం దాదాపు 580 కిలోమీటర్లు. రెండు వైపులా కలిపి రెండు వందల మంది దాకా దిగారు. గుర్రాన్ని మార్చకూడదు, ముందు చేరినవాడిది గెలుపు. కౌంట్ విల్‌హెల్మ్ ష్టారెంబెర్గ్ అనే ఆస్ట్రియా లెఫ్టినెంటు 71 గంటల చిల్లరలో బెర్లిన్ చేరి మొదటి బహుమతి కొట్టాడు. అతని గుర్రం ఏథోస్ చచ్చిపోయింది. జర్మన్లలో అందరికన్నా ముందు వచ్చిన లెఫ్టినెంట్ ఫాన్ రైట్సెన్‌స్టైన్‌కు 73 గంటలు పట్టింది. అతని ఆడగుర్రం లిప్‌స్ప్రింగె కూడా చచ్చిపోయింది. మొత్తం మీద పాతిక దాకా గుర్రాలు దారిలోనో, చేరాకో ప్రాణాలు వదిలాయి.

వీళ్లెవరూ గుర్రపుస్వారీ రాని వాళ్లు కాదు. రెండు సామ్రాజ్యాల్లో ఆ విద్య ఆసాంతం చదివిన వాళ్లు. జీను మీద కూర్చునే తీరులో, కళ్లెం పట్టే వేళ్లలో వంక పెట్టడానికి లేదు. అందుకే ఈ పందెం మన కథకు ముఖ్యం. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన సామెత. రౌతు మరీ గట్టివాడైతే ఏమవుతుందో బెర్లిన్, వియన్నా వీధులు చూశాయి. ఆ రౌతులకు లేనిది సాధనమూ కాదు, నైపుణ్యమూ కాదు. ఆగమని చెప్పే మూడో మనిషి లేడు, ఆగినవాడికి మర్యాద ఇచ్చే నియమం లేదు.

యూరపంతటా దుమారం రేగింది. దానికి ముక్తాయింపు మరుసటి ఏడాది జూన్ ఆఖర్న వచ్చింది. వియన్నా నుంచి బెర్లిన్‌కు ఈసారి సైకిళ్ల పందెం పెట్టారు. యోజెఫ్ ఫిషర్ అనే మ్యూనిక్ కుర్రాడు 31 గంటల్లో చేరిపోయాడు. గుర్రానికి పట్టిన కాలంలో సగం కన్నా తక్కువ. సైకిలు చావలేదు కూడా. (ఈ ఫిషరే 1896లో మొట్టమొదటి పారిస్–రూబే సైకిల్ పందెం గెలిచినవాడు.) వేగం విషయంలో గుర్రానికీ యంత్రానికీ మధ్య వాదన నిజానికి ఆ రోజే ముగిసింది. మోటారు కారు దాకా ఆగక్కర్లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం కొంచెం తెలివైన పరీక్ష పెట్టింది. 1919లో మొదలైన ఆ సవారీల్లో రోజుకు 60 మైళ్ల చొప్పున ఐదు రోజులు, మొత్తం 300 మైళ్లు పోవాలి. వేగంతో పాటు ఆఖరికి గుర్రం ఎలా ఉందన్నదానికీ మార్కులు ఉండేవి. ఆ ఏడాది గెలిచింది రామ్లా అనే అరబ్బు ఆడగుర్రం. ఇందులో సైన్యం అసలు ఉద్దేశం ఏ జాతి గుర్రాలను పెంచాలో తేల్చుకోవడం. ఆ అవసరమూ త్వరలోనే తీరిపోయింది, ట్యాంకులొచ్చాయి.

దాంతో దూరపు సవారీకి ఉపయోగమన్నది ఏమీ మిగల్లేదు. టపా లేదు, యుద్ధం లేదు. సరిగ్గా అప్పుడే, ఎవరికీ అక్కర్లేని ఆ పనిని 60 ఏళ్ల కలప వ్యాపారి ఒకాయన నెత్తికెత్తుకున్నాడు.

కాలిఫోర్నియాలో శాక్రమెంటోకు ఎగువన, సియెర్రా కొండల పాదాల దగ్గర ఆబర్న్ అనే ఊరుంది. బంగారం వేట నాటి ఊరు. అక్కడి వెండెల్ రోబీకి కలప వ్యాపారంతో పాటు బ్యాంకూ ఉండేది. ఈ కాలపు గుర్రాలు మెత్తబడిపోయాయి, పూర్వంలా ఒక్క రోజులో నూరు మైళ్లు పోవడం వీటి తరం కాదన్న మాట ఆయనకు పడలేదు. 1955 ఆగస్టులో తన అరబ్బు గుర్రం బాండోస్ మీద మరో నలుగురితో కలిసి తాహో సరస్సు ఒడ్డునున్న తాహో సిటీ నుంచి బయల్దేరాడు. గనుల కాలంలో జనం నడిచి వదిలేసిన కాలిబాట పట్టి, వెన్నెల వెలుగులో కొండలు దిగి, 22 గంటల 45 నిమిషాల్లో ఆబర్న్ చేరాడు. కారులో అయితే కబుర్లు ముగిసేలోపు చేరే ఊరది.

ఒకసారి నిరూపిస్తే సరిపోయేది. కానీ మరుసటి ఏడాదీ జరిగింది, ఆ పైనా జరిగింది. 1959లో విల్ టెవిస్ అనే ఆయన, ఒకప్పుడు వెల్స్ ఫార్గో కంపెనీకి అధ్యక్షుడైన తన తాత లాయిడ్ టెవిస్ పేరిట కప్పు ఇచ్చాడు. అప్పట్నుంచి దానికి టెవిస్ కప్ సవారీ అన్న పేరు స్థిరపడింది. 1961లో డ్రుసిల్లా బార్నర్ గెలిచి, ఆ కప్పు అందుకున్న మొదటి మహిళ అయింది.

ఆ దారి సంగతి కొంచెం చెప్పాలి. మొత్తం మీద 17,000 అడుగుల ఎక్కుడు, 22,000 అడుగుల దిగుడు. ఒక లోయలోకి వందల అడుగులు దిగడం, అడుగున ఏరు దాటడం, మళ్లీ అవతలి గోడ ఎక్కడం. మధ్యాహ్నం ఆ లోయల్లో గాలి కదలదు. ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వాటిలో ‘డెవిల్స్ థంబ్’ అనే కొండ కొమ్ముకు ఎక్కే మెలికల దారి పేరుమోసింది. అనుభవమున్న రౌతు అక్కడ జీను మీద కూర్చోడు. దిగి, పొడవాటి తాడు ఒకటి కళ్లేనికి కట్టి, గుర్రాన్ని ముందు నడవనిచ్చి, తాను వెనక దాని తోక పట్టుకుంటాడు. గుర్రం లాగుతూ ఉంటే అడుగులేస్తూ ఎక్కుతాడు. వీపు మీద 70 కిలోల బరువు మోయడం కన్నా తోకతో కాస్త లాగడం దానికి తేలిక. ఇది ఏ గుర్రానికీ పుట్టుకతో రాదు. వెనకున్న మనిషిని తన్నకుండా, నిలబడమంటే నిలబడేలా నెలల తరబడి నేర్పాలి.

ఇంకో చిన్న పనిముట్టు చెబుతాను: జీనుకు తాడుతో వేలాడదీసిన స్పాంజి. ఏరు దాటుతూ రౌతు దాన్ని నీళ్లలోకి విసిరి, తాడు లాగి, దిగకుండానే గుర్రం మెడ మీద పిండుతాడు. సవారీ మొత్తంలో అంత చవకైన, అంత పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదని నా లెక్క.

రాత్రి పడ్డాక అసలు సంగతి బయటపడుతుంది. చీకటంటే భయమున్న కొత్త రౌతు నుదుటికి దీపం కట్టుకుంటాడు. గుర్రం కంటికి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. మసక వెలుతురులో దానికి మనకన్నా బాగా కనిపిస్తుంది. కానీ వెలుగు నుంచి చీకటికి అలవాటు పడటానికి దాని కంటికి మనకన్నా ఎక్కువ సేపు పడుతుంది. మన దీపం అటూ ఇటూ ఊగుతుంటే దాని చూపు చెదిరిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు దీపం ఆర్పేసి, కళ్లెం వదులు చేసి, ఛాతీ పటకాకు కట్టిన మసక వెలుగు కడ్డీతో సరిపెట్టుకుంటారు. పక్కన లోయ, దారి రెండడుగులు. అక్కడ బాధ్యత గుర్రానికి అప్పజెప్పడం చెప్పినంత సులువు కాదు.

రోబీ సవారీని బెర్లిన్–వియన్నా పందెం నుంచి విడదీసింది ఇవేవీ కావు. ఒక నియమం. నూరు మైళ్లూ 24 గంటల్లో పూర్తి చేస్తే వెండి బకిల్ ఇస్తారు. కానీ పూర్తి చేయడమంటే గీత దాటడం కాదు. గీత దాటాక పశువైద్యుడు చూసి, ఈ గుర్రం ఇంకా ముందుకు పోగలిగే స్థితిలో ఉంది అనాలి. అనకపోతే ఆ పేరు ఫలితాల్లో ఉండదు. దారి మధ్యలోనూ తనిఖీ మజిలీలున్నాయి. రాబిన్సన్ ఫ్లాట్‌లో, ఫారెస్ట్‌హిల్‌లో గంటేసి సేపు ఆగి తీరాలి. 1964 నుంచి హాగిన్ కప్పు అని ఇంకొకటి చేరింది. మొదట వచ్చిన పది గుర్రాల్లో మర్నాడు ఏది అన్నిటికన్నా కులాసాగా ఉందో దానికిస్తారు. చాలామంది పాత రౌతులు టెవిస్ కప్పు కన్నా దీన్నే ఎక్కువ కోరుకుంటారు. ఈ నియమం 1892లో ఉండుంటే ష్టారెంబెర్గ్‌కూ, రైట్సెన్‌స్టైన్‌కూ ఇద్దరికీ స్థానం దక్కేది కాదు.

1972లో ఏర్పడ్డ అమెరికా దూరపు సవారీల సంఘం పెట్టుకున్న నినాదం కూడా ఇదే అర్థమిస్తుంది: పూర్తి చేయడమే గెలవడం. టెవిస్‌లో బయల్దేరినవాళ్లలో ఇంచుమించు సగం మందికి ఆ భాగ్యం దక్కదు.

అలా 1973లో గుర్రం కుంటిదై మధ్యలో ఆగిపోయిన వాళ్లలో గోర్డీ ఎయిన్స్‌లీ అనే యువకుడొకడు. మరుసటి ఏడాది అతను గుర్రం లేకుండానే వచ్చాడు. గుర్రాలతో పాటు కాలినడకన పరుగు మొదలెట్టి 23 గంటల 42 నిమిషాల్లో ఆబర్న్ చేరాడు. ఇవాళ లోకమంతా జరిగే నూరు మైళ్ల పరుగు పందేలకు అక్కడే అంకురం పడింది. గుర్రమూ యంత్రమూ రెండూ అక్కర్లేదన్న మూడో పక్షం అన్నమాట!

ఇక స్టెతస్కోపు దగ్గరికొద్దాం.

ఫారెస్ట్‌హిల్ మజిలీకి గుర్రం వస్తుంది. వచ్చిన సమయం చీటీ మీద రాస్తారు. సహాయకులు జీను విప్పి, మెడ మీద, కాళ్ల మధ్య నీళ్లు కొడతారు. వైద్యుడు ఎడమ మోచేతి వెనక స్టెతస్కోపు ఆనించి పావు నిమిషం లెక్కపెడతాడు. పదహారు చప్పుళ్లు వినిపిస్తే నిమిషానికి 64. ఊరకే నిలబడ్డ గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. గట్టిగా పరిగెత్తితే 200 దాటుతుంది. అందుకే అరవై, అరవై నాలుగు అనే హద్దు పెట్టుకున్నారు. అలసట మామూలుదైతే కాసేపట్లో అంతకు దిగుతుంది. దిగలేదంటే లోపల ఏదో ఉంది: ఎండ దెబ్బో, నీరు తగ్గడమో, ఎక్కడో నొప్పో.

తర్వాత భుజం దగ్గర చర్మం చిటికెతో లాగి వదులుతాడు, వెంటనే సర్దుకోవాలి. పై పెదవి ఎత్తి చిగురు మీద బొటనవేలు నొక్కుతాడు. తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. డొక్కకు చెవి పెట్టి పేగుల చప్పుడు వింటాడు. పేగులు మూగబోయాయంటే రక్తమంతా కండరాలకు పోయిందని అర్థం. చివరికి గుర్రాన్ని పక్కన పరిగెత్తిస్తూ తీసుకెళ్లి తీసుకురమ్మంటాడు. తల పైకీ కిందికీ ఊగిందా, ముందుకాలు నొప్పి. ఎద్దు కొనేముందు రైతు దాన్ని నాలుగడుగులు నడిపించి చూసినట్టే ఇదీ.

కెర్రీ రిడ్జ్‌వే అనే పశువైద్యుడు ఈ పరుగులోంచి ఒక పరీక్ష తయారుచేశాడు. గుండె లెక్క తీసుకుంటారు. గుర్రాన్ని 125 అడుగులు పరిగెత్తించి వెనక్కి తెస్తారు. పరుగు మొదలైన నిమిషానికి మళ్లీ లెక్క తీస్తారు. రెండోసారి సంఖ్య మొదటిదానికి సమానంగానో తక్కువగానో ఉంటే మంచిది. నాలుగైదు పెరిగిందంటే వైద్యుడి ముఖం మారుతుంది. 60తో గట్టెక్కిన గుర్రం కూడా ఈ పరీక్షలో దొరికిపోతుంది. దీనికి కావలసిన యంత్రాలు గడియారం, స్టెతస్కోపు, అంతే.

ఇంతవరకూ విన్నవాళ్లు నేను పాతకాలపు అశ్వవిద్య వైపు మొగ్గుతున్నాననుకోవచ్చు. అదేం లేదు. పాత విద్యలో ఘోరమైన తప్పులున్నాయి. వేడెక్కిన గుర్రానికి చల్లటి నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయనీ, తాగనిస్తే కడుపునొప్పి వస్తుందనీ తరాల తరబడి నమ్మారు. ఆ నమ్మకం ఎన్ని ప్రాణాలు తీసిందో! 1996 అట్లాంటా ఒలింపిక్స్ ముందు, అక్కడి ఉక్కకు గుర్రాలు తట్టుకుంటాయా అన్న భయంతో శాస్త్రవేత్తలు పరీక్షలు చేశారు. చల్లటి నీళ్లు మళ్లీ మళ్లీ కుమ్మరించడమే మేలని తేలింది. టెవిస్ రౌతుల స్పాంజి దాన్ని ముందే పట్టేసింది, అది వేరే మాట.

వైద్యుల నమ్మకాలూ కూలాయి. అలసిపోయిన గుర్రం రక్తంలో ఆమ్లం పెరుగుతుందని, పందెపు గుర్రాల లెక్కనే, మొదట్లో బైకార్బొనేట్ ఎక్కించేవారు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్యారీ కార్ల్‌సన్ బృందం దూరపు సవారీ గుర్రాల రక్తం పరీక్షించి 1976లో ప్రకటించిన ఫలితం దాన్ని తలకిందులు చేసింది. ఈ గుర్రాలు చెమటలో ఉప్పును, ముఖ్యంగా క్లోరైడును, విపరీతంగా పోగొట్టుకుని క్షార స్థితిలో ఉన్నాయి. బైకార్బొనేట్ ఇవ్వడమంటే ఉన్న రోగం మీద ఇంకొంత వేయడం. గుర్రం చెమట దాని రక్తం కన్నా ఉప్పన. వేడిలో గంటకు పది లీటర్ల పైన కారుస్తుంది. నీళ్లూ ఉప్పూ కలిసే పోతాయి గనక రక్తం చిక్కబడినట్టు మెదడుకు తెలియదు, దాహమూ వేయదు. తొట్టె ముందు నిలబెట్టినా మూతి పెట్టని గుర్రాన్ని చూసి దాహం లేదు కాబోలు అనుకున్న రౌతు ఎంత అనుభవమున్నా మోసపోయినట్టే. ఇది ప్రయోగశాల చెప్పింది. ఏ గురువూ చెప్పలేదు.

రౌతు కన్ను పట్టే సంగతులు మాత్రం వేరే ఉన్నాయి. ఉప్పులు, సున్నం తగ్గిపోయిన గుర్రానికి ఒక్కోసారి డొక్క గుండెతో పాటు తాళం వేస్తుంది. అది ఊపిరి కాదు, ఉదర వితానం అదురు. పక్కనుంచి చూస్తే తెలిసిపోతుంది, మీద కూర్చుంటే కాలి కింద తెలుస్తుంది. అప్పుడు దిగి నడవాల్సిందే.

ఇప్పుడు యంత్రం గుర్రం ఒంటి మీదికే ఎక్కుతుంది. ఫిన్లాండుకు చెందిన పోలార్ కంపెనీ 1980ల మొదట్లో మనుషుల కోసం తీగల్లేని గుండె కొలత పరికరం బజారులోకి తెచ్చింది. దాని తమ్ముళ్లు కొద్ది ఏళ్లలోనే గుర్రాలకూ వచ్చాయి. ఒక ఎలక్ట్రోడ్ జీను కింద ఎడమవైపు, రెండోది పొట్ట పటకా కింద మోచేతి దగ్గర. రెండూ తడిగా ఉండాలి. అంకె రౌతు చేతి గడియారంలో కనిపిస్తుంది. నడకలో 60, 80. మెల్లటి పరుగులో 110 నుంచి 140. 160 దాటి అలాగే సాగితే కండరాలు ప్రాణవాయువు చాలక అప్పు మీద బతుకుతున్నట్టు.

కొత్తవాళ్లకు ఈ గడియారం వరం. ఇరవై ఏళ్లు జీను మీద కూర్చుంటే గానీ తెలియని విషయాన్ని మణికట్టు మీద రాసి చూపిస్తుంది. అదే వేగం, అదే దారి, అయినా అంకె నిన్నటికన్నా పదిహేను ఎక్కువ ఉందంటే, కుంటుడు ఇంకా కంటికి కనపడకముందే ఎక్కడో నొప్పి మొదలైందని అనుమానించవచ్చు. ఎన్నో గుర్రాలను ఇది కాపాడింది. కానీ గుర్రం ఎందుకలా ఉందో ఆ అంకె చెప్పదు. తెల్లవారుజామున బయల్దేరే చోట వంద గుర్రాల మధ్య చిందులు తొక్కే గుర్రం ఒక్క అడుగూ వేయకుండానే 120 చూపిస్తుంది. ఎలక్ట్రోడ్ ఆరిపోతే అంకె ఇష్టమొచ్చినట్టు గంతులేస్తుంది. ఎలుగుబంటి వాసన తగిలినా పెరుగుతుంది. వీటిలో ఏదో తేల్చుకోవాల్సినవాడు జీను మీదే ఉన్నాడు. జీపీఎస్ సంగతీ అంతే. 2000 మేలో అమెరికా ప్రభుత్వం ఆ సంకేతాల్లో కావాలని కలిపే తప్పును తీసేశాక అది చవగ్గా అందరికీ అందింది. ఎంత వేగంగా పోతున్నావో చెబుతుంది గానీ ఈ గుర్రం, ఈ ఎండలో, ఆ వేగాన పోవచ్చో లేదో చెప్పదు.

ఈ పరికరాలు చెడ్డ చేతుల్లో ఏమవుతాయో ఎడారి చూపించింది. 1990ల నుంచి గల్ఫ్ దేశాల్లో దూరపు సవారీ పెద్ద డబ్బు ఆటగా మారింది. కొండలూ లోయలూ లేవు. చదును చేసిన ఇసుక దారులు. గుర్రాల పక్కనే కార్లు పరుగులు. కిటికీలోంచి నీళ్ల సీసాలు, శిక్షకుల కేకలు. గంటకు 30 కిలోమీటర్లు దాటిన వేగాలు. హద్దు మీరకుండా ఉండటానికి పుట్టిన గుండె కొలత, హద్దుకు ఎంత దగ్గరగా పోవచ్చో చూసుకునే సాధనమైంది. మజిలీలో అరడజను మంది చుట్టుముట్టి నీళ్లు కుమ్మరించి నిమిషాల్లో 64కు దించడం ఒక విద్య అయిపోయింది. వైద్యుడి లెక్కకు గుర్రం ఆరోగ్యమే. కానీ ఎముక అలసటకు చప్పుడుండదు. మైళ్ల తరబడి అదే వేగపు అదురుకు సన్నని చీలికలు పడిన ఎముక, తర్వాతి చుట్టులో పటుక్కున విరుగుతుంది. అలాంటి గుర్రాల చిత్రాలు బయటికొచ్చాక యూరపులో గొడవ రేగింది. 2015 మార్చిలో అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జాతీయ సంఘాన్ని కొంతకాలం సస్పెండ్ చేసింది. అది 1892 నాటి రోగమే. కాకపోతే ఈసారి చేతికి గడియారం ఉంది.

ఆ ఎడారిలోనే మందు కనిపెట్టిన వాళ్లూ ఉన్నారని చెప్పకపోతే అన్యాయం. అబుదాబీలోని బూతీబ్‌లో షేక్ సుల్తాన్ బిన్ జాయెద్ అల్ నహ్యాన్ తన సవారీలకు కొత్త నిబంధనలు పెట్టాడు: వేగం గంటకు 20 కిలోమీటర్లు మించకూడదు, మజిలీలో గుండె 56కు దిగాలి. పందెంలో వేగానికే పైహద్దు! మొదట వినడానికి వింతగా ఉంటుంది. బహుమతి గుర్రం స్థితిని బట్టి అయినప్పుడు వింతేమీ లేదు.

2018 సెప్టెంబరులో అమెరికాలోని ట్రయాన్‌లో ప్రపంచ అశ్వక్రీడలు జరిగాయి. శాటిలైట్లు, వాతావరణ కొలతలు, పదుల సంఖ్యలో వైద్యులు, లోకంలో ఉన్న సరంజామా అంతా అక్కడుంది. పొద్దున్నే కొందరు రౌతులను తప్పు దారిన పంపారని తేలి పందెం ఆపారు. దూరం 160 నుంచి 120 కిలోమీటర్లకు తగ్గించి మళ్లీ మొదలెట్టారు. మధ్యాహ్నానికి ఎండ, ఉక్క కలిసి గుర్రాలు పడిపోయే స్థితి రావడంతో పూర్తిగా రద్దు చేశారు. పదుల గుర్రాలకు వైద్యం చేయాల్సి వచ్చింది. న్యూజీలాండ్ గుర్రం ఒకటి తర్వాత చనిపోయింది. ఇంత జరిగినా, రద్దు చేసినందుకు అధికారుల మీద కేకలేసిన రౌతులున్నారు. నా మట్టుకు ఆ రోజు జరిగిన ఒకే ఒక్క మంచి పని ఆ రద్దే.

దీనికి పక్కన మంగోల్ డెర్బీని పెట్టి చూడండి. 2009లో మొదలైంది, చెంగిజ్ ఖాన్ కాలపు గుర్రపు టపా పద్ధతిలో వెయ్యి కిలోమీటర్లు, 40 కిలోమీటర్లకో కొత్త గుర్రం. రౌతు నడుముకు జీపీఎస్ ఉంటుంది గనక ఎవరెక్కడున్నారో నిర్వాహకులకు క్షణక్షణం తెలుసు. కానీ మజిలీలో గుర్రం గుండె పెట్టిన హద్దుకు దిగకపోతే రౌతుకు గంటల కొద్దీ శిక్ష. 2019లో దాన్ని గెలిచింది బాబ్ లాంగ్ అనే అమెరికన్. వయసు 70. తనలో సగం వయసు కూడా లేని వాళ్లను వెనక వదిలాడు. అప్పటిదాకా చూడని గుర్రాన్ని ఐదు నిమిషాల్లో అంచనా వేసి, దానికి తగ్గట్టు పోవడం తప్ప అక్కడ గెలిచే దారి లేదు.

యంత్రం, అశ్వవిద్య అని రెండు పక్షాలుగా చీల్చి వాదించుకునే వాళ్లను చూస్తే నాకు విసుగొచ్చేది అందుకే. బెర్లిన్ దారిలో విద్య ఉండి గుర్రాలు చచ్చాయి. ఎడారిలో యంత్రాలుండి చచ్చాయి. పెష్కోవ్‌కు పనిముట్టే లేదు, సేరీ బతికింది. నా ఓటు మాత్రం రోబీ పెట్టిన ఆ ఒక్క నియమానికే, దాన్ని అమలు చేసే పశువైద్యుడి స్టెతస్కోపుకే.

బే ఏరియాలో, శాక్రమెంటోలో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. సెలవులకు తాహో వెళ్లే వాళ్లలో చాలామంది 80వ నంబరు హైవే మీద ఆబర్న్ మీదుగానే పోతారు. టెవిస్ సాధారణంగా జూలైలోనో ఆగస్టులోనో, పున్నమికి దగ్గరి శనివారం జరుగుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ ఏటి తేదీ చూసుకుని రాత్రికి ఆబర్న్ సంత మైదానంలో ఆగండి. శనివారం పొద్దున 5:15కు బయల్దేరిన గుర్రాలు తెల్లవార్లూ ఒకటొకటిగా వస్తూనే ఉంటాయి. ఆదివారం 5:15 తర్వాత వచ్చినవాటికి బకిల్ లేదు. గీత దాటినప్పుడు చప్పట్లు కొట్టి వచ్చేయకుండా, తర్వాత వైద్యుడి ముందు జరిగే పరుగు కూడా చూసి రండి.

(వచ్చే భాగం: ఓర్ముజ్ నుంచి ఏటా వేల గుర్రాలు – విజయనగర ఖజానా లెక్క)